ఉండటానికి వీసా, వెళ్లిపోవడానికి టికెట్

ఏడాదిపాటు తమ గడ్డ మీద ఉండి పనిచేసుకోవచ్చని ఒక దేశం వీసా ఇస్తుంది. ఆ వీసాతో బయలుదేరిన మనిషిని శంషాబాద్ చెక్-ఇన్ కౌంటర్‌లో "రిటర్న్ టికెట్ ఏది?" అని అడుగుతారు. ఉండటానికి వెళ్తున్నవారి దగ్గర తిరుగు టికెట్ ఎందుకు ఉండాలి? లేకపోతే ఆపేసే అధికారం ఎవరిది? అడిగేవాళ్లు ఒక్కరు కాదు. వీసా ఇచ్చే రాయబార కార్యాలయం, విమాన సంస్థ, మన ఇమిగ్రేషన్, దిగిన చోటి ఇమిగ్రేషన్ అంటూ నాలుగు చోట్ల నలుగురు అడుగుతారు. నలుగురికీ నాలుగు చట్టాలు, నాలుగు భయాలు. ఒకరికి సరిపోయిన కాగితం రెండోవారికి చాలదు. గందరగోళమంతా ఇక్కడి నుంచే వస్తోంది.

కల్లూరు నుంచి ఈ సంగతి రాయడానికి కారణం ఉంది. ఖమ్మం నుంచి వైరా, తల్లాడ మీదుగా సత్తుపల్లి వెళ్లే దారిలో ఉన్న ఊరు ఇది. 2016 జిల్లాల పునర్విభజనలో రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. ఇటు సాగర్ ఎడమ కాలువ కింద వరి, మిర్చి, అటు భద్రాచలం వైపు సాగే అడవి. సేద్యం చేసిన ఇళ్ల పిల్లలు చదువుకుని సాఫ్ట్‌వేర్ కొలువుల్లో చేరారు. 2020 లాక్‌డౌన్‌లో లాప్‌టాప్‌లతో ఊరికి తిరిగొచ్చి, హైదరాబాద్ ఉద్యోగాన్ని పల్లెలో కూర్చుని చేయవచ్చని చూపించారు. అదే ఏడాది డిసెంబర్‌లో ఖమ్మంలో ఐటీ హబ్ మొదలైంది. ఊరి నుంచి చేయగలిగే పనిని కౌలాలంపూర్ నుంచో లిస్బన్ నుంచో ఎందుకు చేయకూడదనే ఆలోచన సహజంగానే వచ్చింది. 2025 సెప్టెంబర్‌లో అమెరికా కొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము ప్రకటించాక, వేరే దారులు వెతికేవారికి ఈ ఆలోచన మరింత దగ్గరైంది.

రిమోట్ వర్క్ వీసాలు కరోనా కాలంలో పుట్టినవే. 2020లో బార్బడోస్, ఎస్తోనియా, దుబాయ్ వాటిని ప్రకటించాయి. 2022 అక్టోబర్‌లో మలేసియా డీఈ రాంటౌ పాస్, పోర్చుగల్ డీ8 వీసా వచ్చాయి. 2023లో స్పెయిన్, 2024 జూలైలో థాయిలాండ్ డీటీవీ వీసాతో చేరాయి. ఇండోనేసియాలో ఈ వీసాను ఈ33జీ అంటారు. ఆదాయం షరతుల్లో చాలా తేడాలున్నాయి. మలేసియా ఐటీ ఉద్యోగికి ఏడాదికి 24,000 డాలర్లు చాలంటే, ఇండోనేసియా 60,000 డాలర్లు అడుగుతుంది. పోర్చుగల్ తమ కనీస వేతనానికి నాలుగు రెట్లు అంటుంది. థాయిలాండ్‌కు బ్యాంకులో 5 లక్షల బాత్‌లు చూపాలి.

అన్ని తలుపులూ మనకు తెరిచిలేవు. జపాన్ 2024లో తెచ్చిన ఆరు నెలల వీసాకు కోటి యెన్‌ల వార్షికాదాయం ఉన్నా చాలదు, వాళ్ల జాబితాలో ఉన్న దేశపు పాస్‌పోర్టు కావాలి. అందులో భారత్ లేదు. ఐరోపా దేశాల ఉమ్మడి షెంజెన్ ప్రాంతంలోకి వీసా లేకుండా రాగల దేశాలవారికే ఐస్‌ల్యాండ్ తన రిమోట్ వీసా ఇస్తుంది. కనుక అదీ మనకు కాదు. ఏజెంటు దగ్గరికి వెళ్లే ముందే ఈ రెండు పేర్లను జాబితాలోంచి కొట్టేయవచ్చు.

టికెట్ ప్రశ్నకు వస్తే, ఈ వీసాల్లో రెండు రకాలున్నాయన్నది అన్నిటికంటే ముఖ్యం. స్పెయిన్, పోర్చుగల్, ఇండోనేసియా వంటివి నివాసానికి దారితీసే వీసాలు. అక్కడికి వెళ్లాక నివాస కార్డో, నివాస అనుమతో వస్తుంది. అలాంటి మనిషిని తిరుగు టికెట్ అడగడంలో అర్థం లేదు. రెండో రకం సందర్శకుడి వీసాకే పని అనుమతిని కలిపినవి. థాయిలాండ్ డీటీవీ ఐదేళ్లు చెల్లుతుంది, కానీ ఒకసారి అడుగుపెడితే ఉండనిచ్చేది 180 రోజులే. బ్రిటన్ 2024 జనవరి 31 నుంచి, న్యూజిలాండ్ 2025 జనవరి 27 నుంచి సందర్శకుల వీసా మీదే వాళ్ల స్వదేశపు ఉద్యోగాన్ని రిమోట్‌గా చేసుకోనిస్తున్నాయి. ఇవి తాత్కాలికం. వెళ్లిపోతావా అని అడిగే హక్కు ఆ దేశాలకు ఉంది.

అయితే కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్న తేడా కౌంటర్ దగ్గర చెదిరిపోతుంది. పోర్చుగల్ డీ8నే తీసుకోండి. నివాసం కోసం వెళ్లేవారికి రాయబార కార్యాలయం పాస్‌పోర్టులో అతికించేది నాలుగు నెలల వీసా. ఆ గడువులోగా అక్కడి వలస సంస్థ ఏఐఎంఏ దగ్గర హాజరై నివాస అనుమతి తీసుకోవాలి. కౌంటర్‌లో కూర్చున్న ఉద్యోగికి మాత్రం నాలుగు నెలల్లో ముగిసే స్టిక్కరే కనిపిస్తుంది, రాబోయే రెండేళ్ల నివాసం కనిపించదు. అనుమతి లేఖ ఈమెయిల్‌లో వచ్చి, పాస్‌పోర్టులో స్టిక్కర్ ఇంకా పడనివారి పరిస్థితి మరీ ఇబ్బంది. ముందు వీసా లేకుండా దిగి, అక్కడికెళ్లాక స్టిక్కర్ వేయించుకుందాం అనుకుంటే, దిగేదాకా వాళ్లు మామూలు టూరిస్టులే. టూరిస్టుకు వర్తించే తిరుగు టికెట్ నిబంధన వాళ్లకూ వర్తిస్తుంది. మలేసియా 2023 డిసెంబర్ 1 నుంచి భారతీయులకు 30 రోజుల వీసా రహిత ప్రవేశం ఇస్తోంది. తిరుగు టికెట్, ఖర్చులకు డబ్బు దానికి షరతులు. ఫిలిప్పీన్స్ 2025 జూన్ నుంచి ఇస్తున్న 14 రోజుల ప్రవేశానికీ ఖరారైన రిటర్న్ లేదా ఆన్‌వర్డ్ టికెట్ ఉండాల్సిందే.

ఇక విమాన సంస్థ ఎందుకు అడుగుతుంది? వలసల మీద దానికి ప్రత్యేకమైన ఆసక్తి ఏమీ లేదు. దాని భయం డబ్బు గురించి. అంతర్జాతీయ పౌర విమానయానానికి 1944లో కుదిరిన షికాగో ఒప్పందం 9వ అనుబంధం ప్రకారం, గమ్యస్థానం రానివ్వని ప్రయాణికుణ్ని వెనక్కి తీసుకెళ్లే బాధ్యత తీసుకొచ్చిన సంస్థదే. సరైన పత్రాలు లేని వ్యక్తిని దించితే జరిమానా అదనం. బ్రిటన్‌లో అది మనిషికి 2,000 పౌండ్లు. ఐరోపా సమాఖ్య 2001లో తెచ్చిన ఆదేశం సభ్య దేశాల ముందు పెట్టిన కొలతల్లో ఒకటి కనీసం 3,000 యూరోల జరిమానా. మన దేశంలోనూ 2000 నాటి వాహక సంస్థల బాధ్యత చట్టం మనిషికి లక్ష రూపాయలు విధించేది. ఇప్పుడు దాని స్థానంలో 2025 ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం ఉంది. ఇంత బరువు నెత్తిన ఉన్నప్పుడు కౌంటర్ ఉద్యోగి సందేహం వస్తే ఆపడానికే మొగ్గుతారు. ఎక్కించి తప్పు చేస్తే సంస్థకు నష్టం, ఆపి తప్పు చేస్తే ప్రయాణికుడికి నష్టం. ఈ రెండింటికీ ఒకే బరువు లేకపోవడమే అసలు అన్యాయం.

ఆ ఉద్యోగి సొంత బుద్ధితో నిర్ణయించరు. టిమాటిక్ అనే డేటాబేస్‌లో ప్రయాణికుడి పౌరసత్వం, వీసా రకం, గమ్యం నమోదు చేస్తే అక్కడ కావలసిన పత్రాలేమిటో తెరమీద వస్తాయి. అంతర్జాతీయ విమాన సంస్థల సంఘం ఐఏటీఏ దాన్ని నడుపుతుంది. ఇది ప్రయాణికుడికి మేలు చేసే సంగతి. మీకున్నది టూరిస్టు వీసా కాదు, దీర్ఘకాల వీసా అని నమోదు చేయిస్తే జవాబు మారవచ్చు. "ఒకసారి టిమాటిక్‌లో నా వీసా రకం పెట్టి చూడండి, లేదా సూపర్‌వైజర్‌ను పిలవండి" అని మర్యాదగా అడగడం తెలిసి ఉండాలి. మన పిల్లలు కౌంటర్ ముందు అధికారి ముందు నిలబడ్డట్టు బెదిరి నిలబడతారు. వీసా ఉన్నవారు అడగడంలో తప్పేమీ లేదు.

టికెట్‌ను గేటుగా వాడటం కొత్త పద్ధతేమీ కాదు. 1908లో కెనడా, పుట్టిన దేశం నుంచి నేరుగా ఒకే ప్రయాణంలో, ముందే కొన్న టికెట్‌తో వస్తేనే రానిస్తామని నిబంధన పెట్టింది. భారత్ నుంచి అలాంటి నేరు ప్రయాణం దాదాపు అసాధ్యమని తెలిసి పెట్టిన నిబంధన అది. 1914లో భారతీయులతో వచ్చిన కొమగాట మారు ఓడను వాంకోవర్ తీరం నుంచి వెనక్కి పంపడానికి అదీ ఒక ఆయుధమైంది. మన తెలుగువారి చరిత్రలో తిరుగు ప్రయాణానికి ఇంకో ముఖం కూడా ఉంది. 1860లో మద్రాసు నుంచి దక్షిణాఫ్రికాలోని నాటాల్‌కు బయలుదేరిన ట్రూరో ఓడ మొదలుకుని, 1903 తర్వాత ఫిజీకి వెళ్లిన దక్షిణాది కూలీల దాకా, ఒప్పంద పత్రంలో తిరుగు ప్రయాణం గురించి ఒక షరతు ఉండేది. ఫిజీలో ఐదేళ్ల పని ముగిశాక సొంత ఖర్చుతో, పదేళ్లు ఉన్నాక ఉచితంగా తిరిగి రావచ్చు. ఎంతో దోపిడీ నడిచిన ఆ వ్యవస్థలో కూడా తిరుగు ప్రయాణం కూలీకి ఇవ్వాల్సిన హక్కుగా కాగితం మీద ఉంది. ఈనాడు అది ప్రయాణికుడు తన నిజాయితీ నిరూపించుకోవడానికి సొంత డబ్బుతో కొనాల్సిన సాక్ష్యంగా మారింది.

మన సొంత ఇమిగ్రేషన్ సంగతి చాలామంది మరచిపోతారు. పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్టుకు సాధారణంగా ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరి) ముద్ర ఉంటుంది. 1983 వలస చట్టం కింద 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే వాళ్లు ముందుగా క్లియరెన్స్ తీసుకోవాలి. ఆ జాబితాలో గల్ఫ్ దేశాలతో పాటు మలేసియా, థాయిలాండ్, ఇండోనేసియా కూడా ఉన్నాయి. అంటే రిమోట్ వర్క్‌కు మనవాళ్లు తొలుత చూసే మూడు దేశాలూ అందులోనే ఉన్నాయి. 2007 అక్టోబర్ 1 నుంచి ఉద్యోగం కాని పనికి వెళ్లే ఈసీఆర్ పాస్‌పోర్టుదారు చెల్లే పాస్‌పోర్టు, వీసా, తిరుగు టికెట్ చూపితే చాలు. అంటే తిరుగు టికెట్ షరతు మన దేశమే పెట్టిన సందర్భమూ ఉంది. డిగ్రీలున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ఇది వర్తించదు. కానీ అతనితో పాటు వెళ్లే, చదువుకోని తల్లిదండ్రులకు వర్తించవచ్చు. కుటుంబంతో వెళ్లేవారు ముందే అందరి పాస్‌పోర్టులూ తిరగేసి చూసుకోవాలి.

ఒంటరిగా థాయిలాండ్, కంబోడియా వైపు వెళ్లే యువకులను మన ఇమిగ్రేషన్ అధికారులు గుచ్చి గుచ్చి అడగడానికీ కారణం ఉంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మించి తీసుకెళ్లి, సైబర్ మోసాలు చేయించే ముఠాలకు అమ్మేసిన కేసులు మన రెండు రాష్ట్రాల్లోనూ బయటపడ్డాయి. 2024 మేలో విశాఖపట్నం పోలీసులు కంబోడియా ముఠా వ్యవహారాన్ని వెలికితీశారు. 2025 మార్చిలో మయన్మార్ సరిహద్దు శిబిరాల నుంచి బయటపడ్డ 549 మంది భారతీయులను థాయిలాండ్‌లోని మేసోట్ నుంచి వాయుసేన విమానాల్లో తీసుకొచ్చారు. వారిలో తెలుగు పిల్లలూ ఉన్నారు. వాళ్లను తీసుకెళ్లినవారు కూడా ఆన్‌లైన్ పని, మంచి జీతం అనే చెప్పారు. కనుక అధికారి అడగడాన్ని తప్పుపట్టను. తప్పుపట్టాల్సింది మరొకటి. తిరుగు టికెట్ ఉన్నంత మాత్రాన ఆ ముఠా వలలో పడరన్న హామీ ఏమీ లేదు. ముఠాలే టికెట్ కొనిస్తాయి. అసలైన ప్రశ్న యజమాని ఎవరు, జీతం ఏ ఖాతాలో పడుతుంది, ఒప్పందం ఎక్కడుంది అన్నది. ఈ మూడింటికీ జవాబున్న రిమోట్ ఉద్యోగిని టికెట్ లేదని ఆపడం, ఈ మూడింటికీ జవాబు లేనివారిని టికెట్ ఉందని పంపడం, రెండూ తప్పే.

ఇప్పుడు అన్నిటికంటే ప్రమాదకరమైన విషయానికి వద్దాం. "రిటర్న్ టికెట్ కొనొద్దు, ఐదారు వందలకు డమ్మీ టికెట్ ఇస్తాం" అనే సలహా ఊళ్లో నెట్ సెంటర్ నుంచి హైదరాబాద్ కన్సల్టెన్సీ దాకా వినిపిస్తుంది. ఇందులోనూ రెండు వేర్వేరు వస్తువులున్నాయి. మొదటిది, ఏజెంటు అమెడియస్, సేబర్, గెలీలియో లాంటి బుకింగ్ వ్యవస్థలో సీటును కొద్ది గంటలో రోజులో నిలిపి ఇచ్చే రిజర్వేషన్. దానికి ఆరు అక్షరాల పీఎన్ఆర్ ఉంటుంది. డబ్బు కట్టనందువల్ల పదమూడు అంకెల టికెట్ నంబరు ఉండదు. గడువు దాటితే అది దానంతటదే మాయమవుతుంది. రెండోది, పాత టికెట్ మీద పేరు, తేదీ మార్చి అచ్చేసిన కాగితం. మొదటిది నేరం కాదు, కానీ కౌంటర్‌లో పీఎన్ఆర్ కొట్టిచూస్తే టికెట్ లేదని తెలిసిపోతుంది. రెండోది కచ్చితంగా ఫోర్జరీ. భారతీయ న్యాయ సంహిత 336, 340 సెక్షన్లు దీన్నే చెబుతున్నాయి. అబద్ధపు పత్రం చూపినట్టు ఏదైనా దేశం రికార్డులో ఒకసారి పడితే తర్వాతి ప్రతి వీసా దరఖాస్తులోనూ దానికి జవాబు చెప్పుకోవాలి.

ఈ అపోహ ఎక్కడ మొదలైందో అర్థం చేసుకుంటే మంచిది. షెంజెన్ స్వల్పకాల వీసాకు దరఖాస్తు చేసేటప్పుడు తిరుగు ప్రయాణపు రిజర్వేషన్ చూపితే చాలని ఐరోపా వీసా నియమావళి అనుబంధమే చెబుతుంది. వీసా వచ్చేదాకా టికెట్ కొనొద్దని రాయబార కార్యాలయాలే అంటాయి. అక్కడ చెల్లిన కాగితం కౌంటర్‌లోనూ చెల్లుతుందని జనం అనుకున్నారు. చెల్లదు. దరఖాస్తు దగ్గర అది మీ ప్రణాళిక. విమానం ఎక్కేచోట అది నిజమైన టికెట్ అయి ఉండాలి.

నిజమైన టికెట్ కొందామంటే ఏడాది వీసా ఉన్నవారికి మరో ఇబ్బంది. విమాన సంస్థలు సాధారణంగా 330 నుంచి 360 రోజుల ముందుదాకానే సీట్లు అమ్ముతాయి. వీసా ముగిసే రోజుకు తిరుగు టికెట్ కొందామన్నా అమ్మేవారు ఉండరు. మూడో దేశానికి చౌక టికెట్ కొనమనే సలహా కూడా తరచుగా వినిపిస్తుంది. అది అమెరికా, ఐరోపా పాస్‌పోర్టులవారి అనుభవం నుంచి పుట్టింది. వాళ్లకు పొరుగు దేశాల్లో వీసా అక్కర్లేదు. భారత పాస్‌పోర్టుతో లిస్బన్ నుంచి లండన్‌కు టికెట్ చూపితే "బ్రిటన్ వీసా ఏది?" అన్నది తర్వాతి ప్రశ్న. లిస్బన్ నుంచి మాడ్రిడ్‌కు చూపితే అది షెంజెన్ దాటినట్టే కాదు. బ్యాంకాక్ నుంచి హనోయ్‌కి చూపితే వియత్నాం ఈ-వీసా ముందే చేతిలో ఉండాలి. బ్యాంకాక్ నుంచి కౌలాలంపూర్, కఠ్మాండూ లాంటివైతే మనకు నడుస్తాయి. ఆన్‌వర్డ్ టికెట్‌కు విలువ ఎంతో, అది చేరే దేశంలో మీకు ప్రవేశం ఎంత నమ్మకమో దాన్నిబట్టే.

నా అంచనాలో మేలైన దారి ఇది. నివాస వీసా చేతికొచ్చినవారు టికెట్ కోసం తాపత్రయపడక్కర్లేదు. వీసా మంజూరు లేఖ, రిమోట్‌గా విదేశం నుంచి పనిచేయడానికి కంపెనీ ఇచ్చిన అనుమతి లేఖ, ఆరోగ్య బీమా, బ్యాంకు స్టేట్‌మెంట్, మొదటి నెలల అద్దె ఒప్పందం అచ్చేయించి చేతిలో పెట్టుకోవాలి. ప్రయాణానికి వారం ముందే విమాన సంస్థకు ఈమెయిల్ రాసి, ఒకవైపు టికెట్‌తో ఎక్కనిస్తామన్న జవాబు లిఖితంగా తీసుకోవాలి. సందర్శకుడి తరహా వీసా మీద వెళ్లేవారు మాత్రం తేదీ మార్చుకునే వీలున్న రిటర్న్ టికెట్టే కొనడం మంచిది. పూర్తిగా డబ్బు తిరిగొచ్చే టికెట్ అయితే ధర ఎక్కువ, ఆ డబ్బు చేతికి రావడానికి రోజులు పడతాయి. మిర్చి అమ్మిన సొమ్ముతోనో అప్పుతోనో పంపే ఇంట్లో ఆ సొమ్ము అన్ని రోజులు ఆగిపోవడం చిన్న సంగతి కాదు. కంపెనీ అనుమతి లేఖ సంగతి మళ్లీ చెబుతున్నాను. అనుమతి లేకుండా, ఊళ్లోనే ఉన్నట్టు చూపిస్తూ మరో దేశం నుంచి పనిచేస్తే ఉద్యోగం పోతుంది, దాంతో పాటే వీసాకు ఆధారమైన ఆదాయమూ పోతుంది.

దేశాలు చేయాల్సిన పని కూడా ఉంది. న్యూజిలాండ్ సందర్శకుణ్ని ముందుకు వెళ్లే టికెట్ గానీ, దాన్ని కొనుక్కునేంత డబ్బు గానీ చూపమంటుంది. షెంజెన్ సరిహద్దు నియమావళి కూడా తిరిగి వెళ్లేందుకు తగిన వనరులు ఉన్నాయా అనే చూస్తుంది. ఇదే న్యాయమైన కొలత. టికెట్ రద్దు చేసుకోవచ్చు, ఖాతాలో ఆరు నెలలుగా కనిపిస్తున్న జీతాన్ని అబద్ధం చేయడం కష్టం. రిమోట్ వర్క్ వీసా ఇచ్చే ప్రతి దేశం "ఈ వీసాదారుకు తిరుగు టికెట్ అక్కర్లేదు" లేదా "కావాలి" అని స్టిక్కర్ మీదో, మంజూరు లేఖలోనో ఒక్క వాక్యం రాస్తే, కౌంటర్ దగ్గర సగం గొడవ ఉండదు.

మన ప్రభుత్వాన్ని అడగాల్సింది ఒకటుంది. ఇమిగ్రేషన్ దగ్గర ఆపేసిన ప్రయాణికుడికి ఎందుకు ఆపారో లిఖితపూర్వకంగా, సెక్షన్ పేర్కొని ఇవ్వాలి. విదేశీ ప్రయాణం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులోనే చెప్పింది. కారణం చెప్పకుండా పాస్‌పోర్టు స్వాధీనం చేసుకున్నందుకే మేనకా గాంధీ కోర్టుకెళ్లారు. 1978లో వచ్చిన ఆ తీర్పు రాజ్యాంగం 21వ అధికరణానికి కొత్త అర్థం ఇచ్చింది. ఆ సూత్రం శంషాబాద్ కౌంటర్ దగ్గర కూడా వర్తించాలి. తెలంగాణ ప్రభుత్వ విదేశీ ఉద్యోగాల సంస్థ టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లోని ప్రవాసుల సంస్థ ఏపీఎన్ఆర్‌టీఎస్ రిమోట్ వర్క్ వీసాల నిబంధనల మీద దేశాలవారీగా తెలుగులో చిన్న పుస్తకం వేసి, మండల కేంద్రాల్లోని మీసేవ కౌంటర్లకు పంపితే కల్లూరు, పెనుబల్లి, అశ్వారావుపేట పిల్లలు ఏజెంటు మాట మీద ఆధారపడక్కర్లేదు.

అంతవరకు బయలుదేరేవారు నాలుగు పనులు చేయండి. మీ వీసా నివాసపుదా, సందర్శకుడిదా అన్నది రాయబార కార్యాలయం అధికారిక సైట్‌లో మీరే చదవండి. విదేశంలో ఉద్యోగం ఇప్పిస్తామనే ఏజెంటు నమోదై ఉన్నాడో లేదో కేంద్రం ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూడండి. మీ ప్రయాణ వివరాలు, అక్కడి చిరునామా ఇంట్లో ఒకరి దగ్గర కాగితం మీద రాసి ఉంచండి. డమ్మీ టికెట్ మాత్రం ఎవరిచ్చినా, ఎంత చవకైనా తీసుకోకండి.